వస్తామని కాదు, రావాలని ఉందని

2024 జనవరి 30, మంగళవారం. సాయంత్రం నాలుగు గంటలకు అచ్చంపేటలోని మా ఇంటికి ఉత్తరాల కవరు వచ్చింది. లోపల పదకొండు ఉత్తరాలున్నాయి. నల్లమల పల్లెల్లోని పిల్లలు, తమ చదువుకు డబ్బు పంపే స్పెయిన్ కుటుంబాలకు తెలుగులో రాసినవి. వాటిని స్పానిష్‌లోకి మార్చడం, అక్కడి నుంచి వచ్చిన వాటిని తెలుగులోకి మార్చడం నా పని. ఉత్తరానికి 60 రూపాయలు ఇస్తారు. అనంతపురం పల్లెలకు విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన సంస్థ వల్ల స్పెయిన్ పేరు ఎన్నో ఏళ్లుగా తెలుసు. నేను పనిచేసేది అంత పెద్దది కాదు, మా వైపు మాత్రమే తిరిగే చిన్న బృందం.

ఆరో ఉత్తరం అమ్రాబాద్ వైపు ఒక తండాలో ఐదో తరగతి చదివే అమ్మాయిది. రూళ్ల కాగితం మీద నాలుగే వాక్యాలు.

"మీరు జనవరిలో వస్తామన్నారు. నాన్నమ్మ ఇల్లంతా అలికింది. నేను పండగ సెలవులకు మా అత్త వాళ్ళ ఇంటికి కూడా వెళ్లలేదు. మీరు ఎందుకు రాలేదు?"

వాళ్ళు వస్తామన్నారా? నాకు గుర్తు లేదు. నేను మార్చిన ప్రతి ఉత్తరానికీ ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంటాను. వెతికితే నవంబరులో వచ్చిన ఉత్తరం దొరికింది. అక్కడివాళ్ళు ఎక్కువగా రాసే గళ్ల కాగితం, నీలం సిరా, కుడివైపుకు వాలిన గుండ్రటి అక్షరాలు. చివరి నుంచి రెండో వాక్యం: "ఒహలా పొదామోస్ ఈర్ ఆ వేర్తె ఎన్ ఎనేరో." దాని కింద నా తెలుగు: "దేవుడి దయవల్ల జనవరిలో నిన్ను చూడటానికి వస్తున్నాం."

ఆ వాక్యంలో నాకు అప్పటికి తెలిసిన మాటలు నాలుగు. ఈర్ అంటే వెళ్లడం, వేర్తె అంటే నిన్ను చూడటం, ఎన్ ఎనేరో అంటే జనవరిలో. నాలుగోది పొదేమోస్, అంటే చేయగలం, మాకు వీలవుతుంది. కాగితం మీద ఉన్నది పొదేమోస్ కాదు, పొదామోస్. ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాను. అది స్పష్టంగా 'ఆ'నే. నవంబరులో కూడా నేను దాన్ని చూసే ఉంటాను, చేతిరాత కదా, 'ఏ' అలా పడిందనుకుని ఉంటాను. ఇక ఒహలా అనే మాట నిఘంటువులో చూసి, దేవుడి ప్రస్తావన కనిపించగానే 'దేవుడి దయవల్ల' అని రాసేశాను. మన భాషలో 'దేవుడి దయవల్ల' అన్నామంటే పని జరిగిపోయినట్టో, ఖాయమైనట్టో లెక్క. 'దేవుడు దయతలిస్తే' అంటే ఇంకా జరగనట్టు. ఆ రెంటికీ మధ్య ఎంత దూరముందో అంతే తప్పు నేను చేశాను.

వాళ్ళు రాసింది ఇది: జనవరిలో నిన్ను చూడటానికి రాగలిగితే ఎంత బాగుంటుంది.

ఆ రాత్రి ఆ అమ్మాయి నాలుగు వాక్యాలను స్పానిష్‌లోకి మార్చలేకపోయాను. "ఎందుకు రాలేదు" అని వాళ్ళను అడగడానికి వాళ్ళు చేసిన తప్పేముంది?

నేను స్పానిష్ మొదలుపెట్టింది 2022 జూన్‌లో. డిగ్రీ, బీఎడ్ అయ్యాక ఉద్యోగం రాక ఇంట్లో ఉన్నప్పుడు ఫోనులో యాప్‌తో మొదలై, తర్వాత ఆన్‌లైన్ తరగతుల్లో 9,500 రూపాయలు కట్టి ఎ1, ఎ2 అనే మొదటి రెండు స్థాయిలు పూర్తి చేశాను. సుబ్‌హుంతీవో అనే, కోరికనో ఆశనో చెప్పే ఆ పొదామోస్ లాంటి క్రియారూపం సరిగా మొదలయ్యేది ఆ తర్వాతి బి1 స్థాయిలో. అంటే నేను ఆగిపోయిన మెట్టు పక్కనే అది ఉంది. అందరికీ చెప్పదలచిన మొదటి విషయం ఇదే. ఎ2 పూర్తి కాగానే మామూలు ఉత్తరాలు చదవగలమనిపిస్తుంది, మాటల అర్థాలన్నీ దొరుకుతాయి కూడా. కానీ ఆత్మీయులు రాసుకునే ఉత్తరాల్లో సగం వాక్యాలు కోరికలు, దీవెనలు, ఆశలే. ఆ సగమూ ఈ రూపంలోనే ఉంటుంది.

ఫిబ్రవరి 11, ఆదివారం నాడు ఆ తండాకు వెళ్లాను. ఆఫీసులో పని చూసే అన్నకు ముందే ఫోనులో చెప్పాను. వెళ్లనవసరం లేదు, నేను చెబుతాలే అన్నాడు. నాకే మనసొప్పలేదు. మన్ననూరు మీదుగా అమ్రాబాద్ బస్సు, అక్కడి నుంచి ఆటో. ఆటోకు పోను రాను 400 రూపాయలు.

ఇంటి ముందు వాకిలి అలికి ఉంది, గోడకు కింద మూరెడు ఎత్తున ఎర్రమట్టి పూత. పండగ దాటి నెల కావస్తున్నా ఆ పూత కొత్తగానే ఉంది. అమ్మాయి తలుపు చాటు నుంచి బయటికి రాలేదు. నాన్నమ్మ టీ పెట్టి ఇచ్చి, నేను నోరు విప్పకముందే అడిగింది: "వాళ్ళకు ఏమైనా అయిందా బిడ్డా? ఆరోగ్యాలు బాగున్నాయా?"

నెల రోజులుగా ఆమె పడుతున్న దిగులు అది. రాలేదని కోపం కాదు, దారిలో ఏమైందోనని భయం. తప్పు నాదేనని, వాళ్ళు వస్తామని రాయలేదని చెప్పాను. ఆమె చాలాసేపు నా ముఖం చూసి, "బాగున్నారు కదా, అది చాలు" అంది. అప్పుడు అమ్మాయి తలుపు చాటు నుంచే అడిగింది.

"మరి ఏమని రాశారక్కా?"

"రావాలని ఉంది అని."

"రావాలని ఉంటే వస్తారు కదా?"

నా దగ్గర జవాబు లేదు. తిరుగు ప్రయాణమంతా ఆ ప్రశ్న నా వెంటే వచ్చింది. రావాలని ఉండటానికీ, వస్తామనడానికీ మధ్య ఉన్న తేడా నాకే సరిగా తెలియనప్పుడు పదేళ్ల పిల్లకు ఏమని చెబుతాను?

మర్నాడు స్పెయిన్‌లోని ఆ దంపతులకు జరిగిందంతా రాసి, ఆఫీసు మెయిల్‌లో పంపాను. పదిహేడు రోజులకు, ఫిబ్రవరి 29న జవాబు వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. చివర్లో "నో సె ప్రెఒకూపె" అని రాశారు. దిగులుపడకండి అని. నాకు తెలిసిన రూపం ప్రెఒకూపా. ఇక్కడ చివర 'ఆ' పోయి 'ఎ' వచ్చింది. ఆ రూపం నేర్చుకోవడానికి నేను చేరిన కొత్త తరగతులు అప్పటికి మొదలై వారం కూడా కాలేదు. నన్ను ఓదార్చిన మాట కూడా నాకు రాని ఆ రూపంలోనే వచ్చిందని గుర్తుపట్టినప్పుడు కళ్ళు చెమర్చాయి.

తరగతులు చెప్పిన మేడం హైదరాబాద్‌లోని విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో స్పానిష్ చదివారు. పదహారు తరగతులకు 8,000 రూపాయలు, రెండు విడతల్లో కట్టాను. శనివారాలు ఉదయం ఆరింటికి ఫోనులో. ఆ వేళకు మా ఇంట్లో సిగ్నల్ బాగుంటుంది, ఎనిమిది దాటితే బొమ్మ ఆగిపోతుంది. నెలకొక్క తరగతి మాత్రం తార్నాకలో ఎదురుగా కూర్చుని. అలా వెళ్లినప్పుడు దారి ఖర్చు చాలా కలిసివచ్చింది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు కదా, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. తెల్లవారుజామున అచ్చంపేటలో ఎక్కితే తొమ్మిది లోపు మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో దిగేదాన్ని. పథకం లేకపోతే ఆ ఏడు ప్రయాణాలూ చేసి ఉండేదాన్ని కాదు. ఫోనులో కన్నా ఎదురుగా కూర్చున్నప్పుడే ఎక్కువ వచ్చింది, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

రూపం తయారుచేయడం ఒక్క గంటలో పట్టుబడింది. మామూలు క్రియలో చివర 'ఆ' ఉంటే 'ఎ' అవుతుంది, 'ఎ' ఉంటే 'ఆ' అవుతుంది. మాట్లాడుతుంది అనడానికి ఆబ్లా, ఈ రూపంలో ఆబ్లె. తింటుంది అనడానికి కోమె, ఈ రూపంలో కోమా. అచ్చులు ఇల్లు మార్చుకున్నట్టు ఉంటుంది. మొదలు మాత్రం 'నేను' రూపం నుంచి తీసుకోవాలి. నాకు ఉంది అనే తెంగో నుంచి తెంగా వస్తుంది. ఈ దారికి లొంగని క్రియలు ఆరే ఆరు, వాటి రూపాలు సేఆ, ఎస్తే, వాయా, ఆయా, సేపా, దే. ఆ ఆరింటినీ బియ్యం డబ్బా మూత మీద చాక్‌పీసుతో రాసి పెట్టుకున్నాను, వారంలో నోటికి వచ్చాయి.

వాడుకకు ఏడు నెలలు పట్టింది.

మొదటి ఐదు వారాలు నేనే పాడుచేసుకున్నాను. ఏ మాట తర్వాత ఈ రూపం వస్తుందో పట్టికలు దొరుకుతాయి. కోరుకోవడం, అనుమానించడం, భయపడటం, అవసరం కావడం, ఇలా అరవైకి పైగా మాటలు రాసి వంటింటి గోడకు అంటించాను. మేడం వద్దన్నారు, నేను వినలేదు. చిన్నప్పటి నుంచి కంఠతా పట్టి గట్టెక్కిన అలవాటు. పట్టిక మొత్తం అప్పజెప్పగలిగిన రోజున మేడం పది వాక్యాలు ఇస్తే నాలుగు తప్పులు. అదే మాట ఒకచోట ఈ రూపాన్ని అడుగుతుంది, ఇంకొకచోట అడగదు. మాటను చూసి కాదు, మనిషి ఏం చెబుతున్నాడో చూసి రాయాలని పట్టిక చెప్పదు.

అది నాకు చెప్పింది మా పక్కింటి ఖాలా.

ఆ ఏడాది రంజాన్ నెల మార్చి 12న మొదలైంది. ఈద్ ఏప్రిల్ 11న, మన ఉగాది ఏప్రిల్ 9న. ఖాలా కొడుకు సౌదీలో డ్రైవర్. ఉగాది పచ్చడి ఇవ్వడానికి వెళ్లి, "అన్న ఈద్‌కు వస్తున్నాడా ఖాలా?" అని అడిగాను. "వస్తాడు, ఇన్షా అల్లా" అంది. ఇరవై ఏళ్లుగా ఆమె నోట వింటున్న మాటే. ఆ రోజు మాత్రం ఆగి అడిగాను: ఆ మాట లేకుండా వస్తాడని చెప్పకూడదా?

ఖాలా పచ్చడి గిన్నె కింద పెట్టి, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు చూసింది. "వస్తాడని అన్నాననుకో, అది నేను ఇచ్చిన మాట అయిపోతుంది. సెలవు ఇవ్వాల్సింది సేటు, విమానం నడపాల్సింది ఇంకొకడు, ప్రాణం నిలపాల్సింది అల్లా. నా చేతిలో లేనిదాన్ని నా మాటగా ఎలా చెబుతాను? వాడు రావాలన్నది మాత్రం నాది."

ఆ శనివారం తరగతిలో ఇది చెబితే, మేడం కొద్దిసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పారు. స్పెయిన్‌లో 711 నుంచి 1492 దాకా ముస్లిం రాజ్యాలు ఉన్నాయి, అరబ్బీ నుంచి వేల మాటలు స్పానిష్‌లోకి వచ్చాయి. ఒహలా వాటిలో ఒకటి. దేవుడు కోరితే అనే అర్థమున్న అరబ్బీ మాట అక్కడి నోళ్ళలో నలిగి అలా మారింది. ఇన్షా అల్లా, ఒహలా రెండూ ఒకే మాట కాదు గాని, రెంటిలోనూ ఉన్నది ఆ 'దేవుడు కోరడమే'. ఒహలా తర్వాత ఎప్పుడూ సుబ్‌హుంతీవోనే వస్తుంది, మరో దారి లేదు. నేను నవంబరులో తప్పు చదివిన మాటను మా గోడ అవతల మనిషి రోజుకు పదిసార్లు సరిగా అంటోంది.

గోడ మీది పట్టిక ఆ రోజే తీసేశాను. దాని చోట ఒక్క ప్రశ్న రాసుకున్నాను: ఈ సంగతిని ఉన్నదని నేను మాట ఇస్తున్నానా? ఇస్తుంటే మామూలు రూపం. ఇవ్వకుండా, కోరుతున్నా, అనుమానిస్తున్నా, ఊరికే తలుస్తున్నా సుబ్‌హుంతీవో.

మేడం ఇంకొకటి చూపించారు. వీవా అంటూ వాళ్ళు ఇచ్చే నినాదం మనకు కూడా తెలిసిందే. బతుకుతోంది అనే వీవె ఈ రూపంలో వీవా అవుతుంది. మనం ఊరేగింపుల్లో 'వర్ధిల్లాలి' అంటాం, 'వర్ధిల్లుతోంది' అనం. ఆ 'ఆలి' చేసే పనే అది. ఇది విన్నాక నా నోటుబుక్కులో ప్రతి స్పానిష్ వాక్యం పక్కనా 'ఆలి'తో తెలుగు రాయడం మొదలుపెట్టాను. నెల రోజులు హాయిగా నడిచింది. మే నెలలో ఆ హాయి పోయింది.

ఎందుకంటే మన 'ఆలి' చాలా చోట్లకు వెళుతుంది, వాళ్ళ రూపం అన్ని చోట్లకూ రాదు. నేను వెళ్లాలనుకుంటున్నాను, నువ్వు వెళ్లాలనుకుంటున్నాను. తెలుగులో రెంటిలోనూ 'వెళ్లాలి'. స్పానిష్‌లో కోరేవాళ్ళూ చేసేవాళ్ళూ ఒకరే అయితే ఈ రూపం రాదు, 'కియెరో ఈర్' అంటే చాలు. మనిషి మారితేనే 'కియెరో కె వాయాస్'. నేను రోజూ 'కియెరో కె యో వాయా' అని రాసేదాన్ని. నేను వెళ్లాలని నేనే ఇంకొకరిని కోరుతున్నట్టు ఉంటుందట అది. తెలుగువాళ్ళు నేర్చుకునేటప్పుడు ఈ తప్పు తప్పకుండా వస్తుందని నా నమ్మకం, ముందే కాచుకోండి.

ఇంకొక తప్పు కాదనే వాక్యాల్లో. వాడు వస్తాడని అనుకుంటున్నాను అంటే 'క్రేయో కె వియేనె'. అనుకోవడం లేదు అంటే 'నో క్రేయో కె వెంగా'. మొదట్లో ఒక 'నో' చేరగానే చివర క్రియ మారిపోతుంది. మనకు 'వస్తాడని' రెండు చోట్లా అలాగే ఉంటుంది కాబట్టి చెవికి ఏమీ తట్టదు. గోడ మీది ప్రశ్నే ఇక్కడ ఆదుకుంది. అనుకోవడం లేదు అన్నప్పుడు వాడి రాకకు నేను మాట ఇవ్వడం లేదు కదా.

మే 25న మేడం యాభై వాక్యాల పరీక్ష పెట్టారు. పందొమ్మిది తప్పులు. అందులో పదకొండు ఒకే రకం, అన్నీ క్వాందోతో వచ్చినవి.

క్వాందో అంటే 'ఉన్నప్పుడు', 'వచ్చినప్పుడు' అనే మాటల్లోని 'అప్పుడు'. తీరిక ఉన్నప్పుడు చదువుతాను. ఈ తెలుగు వాక్యం చూసి చెప్పండి, ఇది రోజూ చేసే పనా, ఇకముందు చేయబోయే పనా? రెండూ కావచ్చు. మన 'ఉన్నప్పుడు'కు కాలం అంటదు. స్పానిష్ ఊరుకోదు. రోజువారీ అలవాటైతే 'క్వాందో తెంగో తియెంపో', ఇంకా రాని తీరిక అయితే 'క్వాందో తెంగా తియెంపో'. రాబోయే రోజు గురించి ఎవరూ మాట ఇవ్వలేరు కాబట్టి. తెలుగులోంచి స్పానిష్‌కు వెళ్లేటప్పుడు పిల్లల వాక్యం ఏ రకమో నాకే తెలియక, మే, జూన్ నెలల్లో తండాలకు ఫోన్లు చేసి అడిగిన రోజులున్నాయి. "బాబూ, 'సెలవులు ఇచ్చినప్పుడు ఊరికి పోతాను' అని రాశావు. ప్రతి ఏడూ పోతావా, ఈ ఏడు పోతావా?" పిల్లలు ఎంతో ఓపికగా చెప్పేవారు.

వేసవిలో మధ్యాహ్నాలు కరెంటు పోయేది. చెమటకు నోటుబుక్కు అట్ట మెత్తబడి ఊడిపోయింది. జూన్ మొదటివారంలో మానేద్దామనుకున్నాను కూడా. రెండో విడత ఫీజు 4,000 కట్టాల్సి ఉంది, చేతిలో 2,600 ఉన్నాయి. మా అమ్మ అడగకుండానే చీటీ డబ్బులోంచి తీసి ఇచ్చింది.

జులైలో వచ్చిన చిక్కు అన్నిటికన్నా గట్టిది. ఒక ఉత్తరంలో "మె అలెగ్రో దె కె ఆయాస్ అప్రొబాదో" అని ఉంది. నువ్వు పాసైనందుకు సంతోషం అని. పాస్ కావడం జరిగిపోయిన సంగతి, మార్కుల కాగితం మేమే పంపాం. మరి ఇక్కడ ఆయాస్ ఎందుకు? నా ప్రశ్న పనిచేయలేదు. మూడు వారాలు ఈ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఫోనులో అడిగితే మేడం చెప్పింది అర్థం కాలేదు. జులై 27న తార్నాక వెళ్లినప్పుడు ఆవిడ కాగితం పక్కన పెట్టి నన్ను అడిగారు.

"ఆ పిల్లవాడికి తాను పాసైనట్టు తెలుసా?"

"తెలుసు మేడం."

"మరి వాళ్ళు ఆ ఉత్తరంలో పాసయ్యావన్న వార్త చెబుతున్నారా?"

"లేదు."

"ఏం చెబుతున్నారు?"

"వాళ్ళకు సంతోషంగా ఉందని."

అంతే. నిజమా కాదా అన్నది ఈ రూపానికి పట్టదు. ఆ వాక్యంలో మనం ముందుకు తెచ్చి చెప్పే సంగతి ఏది, వెనక ఊరికే ఆనించిన సంగతి ఏది అన్నదే పట్టింపు. సంతోషం చెబుతున్నారు, పాస్ కావడం దాని వెనక ఆనించింది. 'మాట ఇస్తున్నానా' అన్న చోట 'చాటి చెబుతున్నానా' అని దిద్దుకున్నాను. తిరుగు బస్సులో కల్వకుర్తి దాటేదాకా పాత వాక్యాలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని ఈ కొత్త ప్రశ్నతో తూచాను. అన్నీ నిలబడ్డాయి.

ప్రతి ఉత్తరం మొదట్లోనూ 'ఎస్పేరో కె ఎస్తేస్ బియెన్' ఉంటుంది. రెండు వందల సార్లు దాన్ని చూడకుండానే మార్చాను, మన ఉత్తరాల్లో 'అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను' లాంటి మొదటి వరుస అనుకుని. ఎస్తేస్ కూడా సుబ్‌హుంతీవోనే, నా కళ్ళ ముందే మొదటి రోజు నుంచీ ఉంది. ఇందులో ఎస్పేరో అనే మాటకు రెండు అర్థాలు: ఆశిస్తున్నాను, ఎదురుచూస్తున్నాను. ఒకే మాట. ఆ తండాలో జనవరి నెలంతా జరిగింది ఆ రెండూ కలిసిన పనే అనిపించి, ఆ మాట దగ్గర ఇప్పటికీ నా చెయ్యి ఆగుతుంది.

ఆగస్టు 31న మళ్ళీ యాభై వాక్యాలు. ఏడు తప్పులు. మేడం తరగతులు చాలన్నారు, ఇక ఉత్తరాలే నేర్పుతాయన్నారు.

సెప్టెంబరులో ఎవరూ అడగకుండానే ఒక పని పెట్టుకున్నాను. ఫోనులో ఉన్న పాత ఉత్తరాలు 214, అన్నీ మళ్ళీ చదివాను. పద్దెనిమిది రాత్రులు పట్టింది. ఈ రూపాన్ని తప్పు చదివినవి ఇంకా తొమ్మిది బయటపడ్డాయి. ఆరింటి వల్ల ఎవరికీ నష్టం లేదు. మూడింటిని మాత్రం దిద్ది, పిల్లలకు మళ్ళీ పంపమని ఆఫీసు అన్నకు ఇచ్చాను. వాటిలో ఒకటి 'క్వాందో సేఆస్ మయోర్', అంటే నువ్వు పెద్దయ్యాక. ఎనిమిదేళ్ల పిల్లవాడికి నేను 'నువ్వు పెద్దవాడివి కాబట్టి' అని రాసి ఉన్నాను. పెద్దయ్యాక ఏం కావాలనుకుంటావని వాళ్ళు అడిగితే, పెద్దవాడివి కాబట్టి ఏం చేస్తావో చెప్పు అన్నట్టు మారింది. ఆ పిల్లవాడు అప్పుడు ఇచ్చిన జవాబు కూడా నా ఫోనులో ఉంది: "నేను మేకలు కాస్తాను, తమ్ముణ్ణి చూసుకుంటాను." కొత్త ఉత్తరానికి ఈసారి బస్సు డ్రైవర్ అవుతానని రాశాడు.

ఖర్చంతా కలిపితే, ఫీజు, ఒక వ్యాకరణ పుస్తకం, ఊళ్ళో భోజనాలు, సిటీ ఆటోలు అన్నీ చేరి దాదాపు 11,000 రూపాయలు. నా లెక్కలో 183 ఉత్తరాల కూలి. ఇది ఎవరూ తిరిగి ఇవ్వరు, ఉత్తరం ధర ఇప్పటికీ 60 రూపాయలే. నేర్చుకోబోయేవాళ్ళు ఈ సంగతి కూడా తెలిసే దిగాలి.

డిసెంబర్ 14, శనివారం నాడు ఆ దంపతుల ఉత్తరం మళ్ళీ వచ్చింది. అదే గళ్ల కాగితం, అదే నీలం సిరా. మూడో వాక్యం: "క్వాందో వయామోస్ ఆ లా ఇందియా, కెరేమోస్ కె నోస్ ఎన్సేన్యెస్ తు ఎస్కువేలా." వెళతాం అనే వామోస్ కాదు, వయామోస్. చూపిస్తావు అనే ఎన్సేన్యాస్ కాదు, ఎన్సేన్యెస్. రెండు చోట్లా రూపం మారింది. ఈసారి రెండూ మొదటి చూపులోనే కనిపించాయి.

కనిపించినంత తేలికగా తెలుగు రాలేదు. 'మేం ఇండియాకు వచ్చినప్పుడు' అని రాస్తే ఆ ఇంట్లో మళ్ళీ వాకిలి అలుకుతారు. 'వస్తే' అని రాస్తే వాళ్ళు అననంత అనుమానం చేరుతుంది. అంత అనుమానమే ఉంటే 'క్వాందో' బదులు 'సి', అంటే 'ఒకవేళ' అని రాసేవారు. రావడం వాళ్ళ మనసులో ఉంది, రోజు మాత్రం చేతిలో లేదు. గంటన్నర కూర్చున్నాను. నాలుగు సార్లు కొట్టేసి, చివరికి ఇలా రాశాను: "మేం ఇండియాకు ఎప్పుడు వస్తామో గాని, వచ్చిన రోజున నువ్వు మాకు మీ బడి చూపించాలని ఉంది."

ఉత్తరం ఆఫీసు ద్వారా వెళుతుంది. అయినా ఈసారి ఆ అన్నను అడిగి, తండాకు ఫోను చేసి అమ్మాయికి నేనే చదివి వినిపించాను. ఇప్పుడు ఆరో తరగతి. ఆ వాక్యం రెండుసార్లు చదివించుకుంది.

"అంటే ఈ సంక్రాంతికి వస్తారా అక్కా?"

"ఎప్పుడు వస్తామో అని రాశారు. వస్తామని రాయలేదు."

అవతల కొద్దిసేపు మాట లేదు. వెనక నాన్నమ్మ ఏదో అడగడం, ఈ అమ్మాయి వాళ్ళ భాషలో గబగబా చెప్పడం వినిపించింది.

"రావాలని మాత్రం ఉందంట కదా?"

"ఉంది."

"అయితే నేను సెలవులకు మా అత్త వాళ్ళ ఇంటికి వెళ్లొచ్చా?"

"వెళ్లిరా" అన్నాను.